తోడల్లుడి శాతం

తోడల్లుడనే మాటలో తోడు ఉందని ఎవరన్నారో గానీ, నాకు దొరికినవాడిలో అల్లుడే తప్ప తోడు లేదు. నా భార్య చెల్లెలి మొగుడు. మా అత్తగారికి చిన్నల్లుడు, ముద్దల్లుడు. ఆవిడ నాకు ఫోన్ చేసి మరీ "చిన్నల్లుడు తిన్నాడా?" అని అడుగుతారు. నేను తిన్న సంగతి నా పొట్టే చెబుతుందనుకుంటారు కాబోలు. ఇంట్లో చాలదన్నట్టు వాడు మా బీమా ఆఫీసులోనే, నా వెనక బల్ల దగ్గరే చేరాడు.

ఈ ఏడాది మా కంప్యూటర్లలోకి ఒక నిఘా ప్రోగ్రాం దించారు. ఎన్ని మీటలు నొక్కామో, మౌసు ఎంత కదిపామో లెక్కపెట్టి పైవాళ్లకు చాడీలు చెప్పడం దాని పని. అందుకే అందరం దానికి 'ఆడపడుచు' అని పేరు పెట్టుకున్నాం. మూడు నిమిషాలు చెయ్యి కదలకపోతే గోడ మీది తెరలో మన పేరు పక్కన పచ్చ చుక్క ఎర్రబడుతుంది, శాతం పడిపోతుంది. పట్టపగలు చుక్కలు చూపించడమంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది.

నేను ఫైలు చదివి గానీ రాయను. చదివేటప్పుడు చేతులకు పనేముంటుంది? నా శాతం డెబ్బై ఒకటి. వాడిది తొంభై నాలుగు. ఆ శాతం చూసి నా శాంతం పోయింది. పైగా నెలాఖరుకు టీమ్ లీడర్ కుర్చీ ఖాళీ అవుతోంది. నాకున్నది పద్దెనిమిదేళ్ల సర్వీసు, వాడికున్నది ఆరేళ్లు.

"మా మరిది ఇవాళ తొంభై ఆరట కదా! చెల్లెలు చెప్పింది" అంది నా భార్య, పళ్లెం పెడుతూ.

"ఇంకో నాలుగెక్కితే జ్వరమంటారులే" అన్నాను.

"ఉడుక్కోకండి. ఆ కుర్చీ అతనికొస్తే రేపు మా వాళ్ల మధ్య నేనెలా కూర్చోను?"

ఆ మాటతో నాలో పట్టుదల పుట్టింది. మర్నాడు ఫైలు చదువుతూనే ఖాళీ పేజీ తెరిచి అ ఆ ఇ ఈలు కొట్టాను. ఒకే వరుస మళ్లీ మళ్లీ కొడితే ఆడపడుచు లెక్కలోకి తీసుకోవడం లేదు. అర్థమున్న మాటలే కావాలట. నా దగ్గర అర్థమున్న మాటలు ఎవరి మీదున్నాయి? వాడి మీదే! కళ్లు ఫైలు మీద, వేళ్లు వాడి మీద. రెండు వారాలు కుమ్మేశాను. నా శాతం తొంభై ఎనిమిదికెక్కింది. నా భార్య ఆ రాత్రి చెల్లెలికి తనే ఫోన్ చేసింది.

నెలాఖరున మేనేజర్ మేడమ్ మా ఇద్దర్నీ పిలిచింది. బల్ల మీద కాగితాల కట్ట.

"నలభై రెండు పేజీలు. మీరు కొట్టిన ప్రతి అక్షరం మా దగ్గరుంటుందని సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది. చదవలేదా?"

జనం చదవకుండా పెట్టిన సంతకాల మీదే నడిచే వ్యాపారం మాది. అలాంటిది నేనే చదవలేదు. కీబోర్డు కాదది, కీడుబోర్డు!

మేడమ్ పైకే చదవడం మొదలుపెట్టింది.

"'సంతకం తేడాగా ఉందని నేను తిప్పి పంపిన ముసలాయన కాగితాన్ని వీడు పట్టుకుని ఆయన ఇంటికెళ్లాడు. ఆయన చెయ్యి వణుకుతుందట. ఏం నటన! ఆ గంటసేపు వీడి చుక్క ఎర్రగా ఉంటే నా కడుపు చల్లబడింది. కొత్తగా చేరినవాళ్లకు సందేహమొస్తే ఎదురుగా ఉన్న నన్ను దాటుకుని వీడి దగ్గరికే పోతారు. ఒకే ప్రశ్న నాలుగుసార్లు అడిగినా వీడు విసుక్కోడు. అదే నాకు విసుగు...'"

నేను నా చెప్పుల వంక చూస్తున్నాను. తోడల్లుడు నా వంక చూస్తున్నాడు.

"ఆరేళ్లుగా నేను చదివిన రిపోర్టుల్లో ఇతని గురించి ఇవేవీ లేవు. ఆ ప్రోగ్రాం ఒక అంకె చెప్పి ఊరుకుంది" అంది మేడమ్. "మీరింత చెప్పాక ఆ కుర్చీ ఇంకెవరికివ్వను? ఇక మీకు మెమో వస్తుంది. ఆఫీసు టైంలో సొంత రాతలు."

తలరాత బాగులేనివాడికి సొంత రాతేమిటి! మేడమ్ నా ముందుకు తోసిన కట్ట చంకలో పెట్టుకుని బయటికొచ్చాను. వాడు వెనకే వచ్చాడు.

"అన్నయ్యా, అవి నాకిస్తారా?"

"ఎందుకు? మన అత్తగారికి చూపించి నా పరువు తీయడానికా?"

"కాదు." వాడు నవ్వలేదు. "నన్నింతగా చూసినవాళ్లు ఎవరూ లేరు అన్నయ్యా. మా నాన్న కూడా."

కట్ట ఇచ్చేశాను. వాడు గోడకానుకుని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాడు. తాపీగా, వరుస వరుసకూ వేలు పెట్టుకుని, అక్కడక్కడా ఆగి వెనక్కెళ్లి మళ్లీ చదువుతున్నాడు.

పద్దెనిమిదేళ్లుగా ఫైళ్లు రాస్తున్నాను. నా రాతను ఇంత ఇష్టంగా చదివిన మనిషి ఒక్కడూ దొరకలేదు. దొరక్క దొరక్క వీడే దొరకాలా!