గోడ బయటి కుళాయి

అరవై ఏడులో మొదటిసారి మున్సిపల్ చైర్మన్ అయిన రోజున ప్రకాశరావు గారు చర్చి మెట్ల మీద నిలబడి ఒక మాట ఇచ్చేశారు. పట్టణంలో ఆఖరి పేటకి నీళ్ళు అందాకే తన ఇంటికి కుళాయి పెట్టించుకుంటానన్నారు. మాట ఆయనది, మోత భార్య కృపావతమ్మది. మధ్యలో స్పెషలాఫీసర్ల పాలన వచ్చి కొన్నేళ్ళు పదవి లేకపోయినా జనం ఆయన్ని చైర్మన్ గారనే పిలిచారు. ఎనభై ఒకటిలో మళ్ళీ గెలిపించారు. పదవి ఉన్నా లేకపోయినా ఆమె మాత్రం వీధి చివర కుళాయికి బిందె పట్టుకుని వెళ్తూనే ఉంది.

అక్కడ విన్నవన్నీ ఆయనకి అన్నం వడ్డిస్తూ చెప్పేది. ఫలానా బడి కప్పు కారుతోందనో, ఫలానా వీధిలో దీపం వెలగడం లేదనో. రెండు రోజుల్లో మనిషి వెళ్ళి బాగుచేసేవాడు. చైర్మన్ గారికి ఊరంతా చెవులేనని అందరూ అనుకునేవారు.

ఎనభై ఆరు డిసెంబరులో కాలవ అవతలి ఆఖరి పేటకీ కుళాయి వచ్చింది. కృపావతమ్మ మోకాళ్ళు అప్పటికే మొరాయిస్తున్నాయి. సోమవారం ఫిట్టరు వీరన్న వచ్చి వంటింటి గుమ్మం పక్కన కుళాయి బిగిస్తాడు. ఇదే ఆఖరిసారి అనుకుంటూ ఆదివారం పొద్దున్న ఆమె వరసలో నిలబడింది. ముందు చేపలమ్మే పోలమ్మ ఉంది. కాలవ అవతలి పేట మనిషి.

"మీకూ కుళాయి వచ్చింది కదే, ఇంకా ఇక్కడికెందుకొచ్చేవ్?"

"వచ్చిందండి. మద్యాన్నం రెండింటికొత్తాదండి. అప్పటికి మేవందరం అమ్మకానికెళ్ళిపోతాం. బిందెలు ఇంట్లోనే ఉంటాయి గానండి, అయ్యి లేచెళ్ళి పట్టుకోవు కదండీ."

వరసంతా నవ్వింది.

"చైర్మన్ గారితో చెప్పలేకపోయేరా?" అంది కృపావతమ్మ.

"ఆయనగారు రిబ్బను కత్తిరించినప్పుడు నీళ్ళు బాగానే వచ్చేయండి." పోలమ్మ బిందె ఎత్తుకుంది. "రేపట్నించి మీరూ ఇంట్లోనే పట్టుకుంటారంట. ఇంక మా గోల మీకెందుకండీ."

మధ్యాహ్నం భోజనం దగ్గర ఆ సంగతి చెబితే ప్రకాశరావు గారి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఇంజనీరు గారు అంతా బావుందన్నారే."

"ఆయన బిందె పట్టుకెళ్ళలేదు కదండీ."

ఆయన చెయ్యి కడుక్కుని, నీళ్ళు పొద్దున్న ఆరింటికే వదలమని చీటీ రాశారు. కృపావతమ్మ మజ్జిగ గిన్నె పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. రేపట్నించి ఈయనకి ఇంజనీరు గారి మాటే మిగులుతుందని అప్పుడు తట్టిందామెకి.

సోమవారం వీరన్న పైపులతో వచ్చాడు.

"లోపలొద్దు వీరన్నా. ప్రహరీ గోడకి, వీధివైపు బిగించు."

"మోకాళ్ళ కోసం పెట్టిస్తుంటే మళ్ళీ వీధిలోకంటావేంటి కృపా?" అన్నారు ప్రకాశరావు గారు.

"నాలుగడుగులే కదండీ. పక్కన కూచోడానికో రాయి వేయించండి."

వారం తిరిగాక ఒక పొద్దున్న ఆమె ఆ రాతి మీద కూర్చుని ఉండగా పోలమ్మ చేపల తట్టతో వచ్చింది.

"నీళ్ళు ఆరింటికొస్తున్నాయా?"

"ఆయ్, వత్తన్నాయండి."

"మరిలా వచ్చేవేం?"

"నీళ్ళకి కాదండి. మా కాలవ వంతెన మీద చెక్కోటి ఊడిపోయిందండి."

కృపావతమ్మ రాతి మీద కొంచెం పక్కకి జరిగింది.