కాపలావాడు–1 వాళ్ళమ్మ

చేపలమ్మే ఆవిడ నన్ను ముఖం మీదే దులిపేసింది.

"అక్కా, నీకసలు మనసుందా? ఆ సుంగ్‌మోని ఎందుకలా కాల్చుకు తింటావు? ఠాణా ముందు ఆ ఫొటో పట్టుకుని కూర్చోడం మానెయ్యకూడదూ? పాపం, ఆ అబ్బాయి మొహంలో నెత్తురుచుక్క లేదు!"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా తలలూపారు. ఎప్పుడూ నాలుగు కానాగంతలు కొంటే ఒకటి కొసరు వేసే మనిషి, ఆ రోజు లెక్కగా నాలుగే సంచిలో పడేసింది. మొదట నవ్వొచ్చింది. మాంగ్‌వన్ సందు దాటి ఇంటికొచ్చేసరికి కడుపు మండింది.

నా పేరు తక్ గుంసిల్. నలభై ఏళ్ళుగా టీవీలో నటిస్తున్నాను. నటించడమంటే గొప్పగా ఏమీ కాదు. పెళ్ళిలో మూడో వరసలో అత్తగారు, ఆసుపత్రి వరండాలో ఏడ్చే ముసలిది, బస్సులో సీటు కోసం గొడవపడే ఆవిడ, ఇలాంటివన్నీ నేనే. మొదటిసారి పదహారు భాగాల సీరియల్లో మొదటినుంచి చివరిదాకా ఉండే పాత్ర దొరికింది. హంతకుడికి ఎదురు నిలిచే పాత్ర.

హంతకుడంటే మా కథానాయకుడే. సుంగ్‌మో రేవులో క్రేను నడిపేవాడు. వాడి తమ్ముణ్ణి పెద్దవాళ్ళెవరో చంపించి, కేసు లేకుండా చేశారు. అక్కణ్ణుంచి వాడు ఒక్కొక్కణ్ణీ వెతికి చంపుతూ పోతాడు. అన్యాయం జరిగినవాడు కాబట్టి ఏం చేసినా న్యాయమే అని దేశమంతా చప్పట్లు కొట్టింది. వాడు ఒంటరిగా నూడుల్స్ తినే సీను చూసి మా చెల్లెలు వెక్కి వెక్కి ఏడ్చింది.

రెండో భాగంలో వాడు ఇంకొకణ్ణి కూడా చంపాడు. ఆ మనిషికీ తమ్ముడి చావుకీ సంబంధమే లేదు. గిడ్డంగి కాపలావాడు, వీడి మొహం చూశాడు, అంతే. సుంగ్‌మో అతన్ని సముద్రంలోకి తోసేశాడు. మొత్తం నలభై సెకన్లు. ఆ కాపలావాడి తల్లిని నేను. న్యాయం కోసం కొడుకు ఫొటో పట్టుకుని రోజూ ఠాణా ముందు కూర్చుంటాను.

స్క్రిప్టులో నా పాత్రకి పేరు లేదు. "కాపలావాడు–1 వాళ్ళమ్మ" అని ఉంటుంది. మా దేశంలో బిడ్డ పుట్టాక ఆడదాన్ని ఎవరూ పేరుపెట్టి పిలవరు, ఫలానావాడి అమ్మా అంటారు. అందుకే పక్కింటావిడగా వేసిన నటి మొదటిరోజే తికమకపడింది. "ఏమని పిలవాలి నిన్ను? ఇదిగో కాపలావాడు వాళ్ళమ్మా, అని కేకెయ్యనా?" అంది. అందరం నవ్వుకున్నాం. చివరికి ఆవిడ "ఏవండోయ్" అని సరిపెట్టుకుంది.

చివరి భాగం కాగితాలు షూటింగుకి రెండు రోజుల ముందు అందాయి. సుంగ్‌మో మా ఇంటి గేటు ముందు మోకరిల్లి, "మీ అబ్బాయికి జరిగినదానికి నన్ను క్షమించండమ్మా," అంటాడు. నేను వాణ్ణి లేవనెత్తి, "పర్వాలేదు నాయనా. నీ బాధ నాకు తెలుసు. లోపలికి రా, అన్నం తిందువుగాని," అనాలి. ఆ తర్వాత వాడు సముద్రం వైపు నడిచి వెళ్ళిపోతాడు. శుభం.

అన్నమట! ఆ కాగితాలు విసిరికొట్టాను. ఈ మాట నా నోట రాదని అప్పుడే తీర్మానించుకున్నాను.

ఇంచియోన్‌లో కొండవాలు మీదున్న పాత ఇంట్లో షూటింగు. పొద్దున్న తొమ్మిదింటికల్లా వెళ్ళి, పాంగ్ డైరెక్టరుకి నా సంగతి చెప్పేశాను. ఆయన నెత్తి గోక్కుని, రచయిత్రి యో సుల్‌హీ వైపు చూశాడు. చివరి సీను కదాని ఆవిడ స్వయంగా వచ్చింది. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నది, తెలివైనది, పదహారు భాగాలు రాసి రాసి కళ్ళకింద నల్లబడ్డది.

"పెద్దమ్మా, జనం మొత్తం అతన్ని క్షమించమంటున్నారు," అంది.

"వాళ్ళ కొడుకుల్ని చంపాడా?"

"కథ పెద్దమ్మా ఇది."

"కథలోనే అడుగుతున్నాను. కథలో ఎవరి కొడుకుని చంపాడు?"

ఆవిడ మెట్టుమీద నా పక్కన కూర్చుంది. "హత్య మంచిదని నేనెక్కడా రాయలేదు. చెడ్డపని చేసేవాడిలో కూడా మనలాంటి మనిషే ఉంటాడని చూపించాను. జనం వాణ్ణి ప్రేమించాలి, ఇలాంటివాణ్ణా ప్రేమిస్తున్నామని సిగ్గుపడాలి. నేననుకున్నది అది."

అబద్ధం చెప్పట్లేదని తెలుస్తూనే ఉంది. అందుకే నేను కూడా గొంతు తగ్గించాను. "సిగ్గుపడ్డవాళ్ళు నాకింకా ఎదురుపడలేదమ్మా. చేపలంగట్లో నన్ను సిగ్గుపడమంటున్నారు. ఇప్పుడు నేను కూడా పర్వాలేదంటే, మిగిలిన ఆ కాస్త సిగ్గూ పోతుంది."

ఆవిడ లేచి, ఖరాఖండీగా చెప్పింది. "మీరు అననంటే మీ సీను తీసేస్తాం. మీరు క్షమించినట్టు ఉత్తరం వస్తుంది. వేరే గొంతుతో చదివిస్తాం."

నేను పోతే పోతాను, నేను లేకుండానే ఆ తల్లి క్షమించేస్తుంది. ఇంతకంటే ఘోరం ఉందా? గబగబా ఆలోచించాను.

"ఒక్క షరతు. వాడు నా కొడుకు పేరు చెప్పి అడగాలి. జరిగింది, గిరిగింది కాదు. ఫలానావాణ్ణి చంపాను అనాలి. అప్పుడు నీ మాట అప్పజెప్తాను."

"అంతేనా?" అంది, తేలిగ్గా. సుంగ్‌మోగా వేసే జుహాన్ అక్కడే మేకప్ వేయించుకుంటున్నాడు. మంచి పిల్లాడు, పెద్దవాళ్ళంటే గౌరవం. "అలాగే పెద్దమ్మా, చెప్తాను. ఇంతకీ ఏంటతని పేరు?" అన్నాడు.

రచయిత్రి సహాయకురాలి వైపు చూసింది. సహాయకురాలు ఫోన్లో స్క్రిప్టుని పైకీ కిందికీ జరిపి, పెదవి విరిచింది. డైరెక్టరు గొంతు సవరించుకున్నాడు. పదహారు భాగాలు, నలభైమంది మనుషులు, ఒక్కరికీ తెలీదు. ఎందుకంటే అసలు పేరే లేదు.

జుహాన్ అద్దంలోంచి నన్ను చూశాడు. "నాకు అడగాలని కూడా తోచలేదు పెద్దమ్మా," అన్నాడు మెల్లగా.

రచయిత్రి చెవులు ఎర్రబడ్డాయి. "మీరేమనుకుని నటించారు?" అని అడిగింది.

"మున్‌బే," అన్నాను. ఆ పేరు బయటికి అనడం అదే మొదలు. ఆవిడ పెన్ను తీసి, కాగితం మీద "మీ అబ్బాయికి జరిగినదానికి" అన్నది కొట్టేసి, పైన ఆ పేరు రాసింది.

పదకొండింటికి కెమెరా తిరిగింది. జుహాన్ గేటు ముందు మోకరిల్లి నుదురు నేలకి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉండిపోయాడు. తల ఎత్తాక కళ్ళల్లో నీళ్ళు లేవు, మొహం పాలిపోయి ఉంది.

"అమ్మా. మున్‌బేని నేను చంపాను. నన్ను క్షమించండి."

ఇక నా వంతు. మాటిచ్చాను. నలభై ఏళ్ళలో ఒక్క డైలాగు తప్పినదాన్ని కాను. నోరు తెరిచాను కూడా. కానీ ఆ పేరు వాడి నోట వినగానే మున్‌బే నిజంగా చచ్చిపోయాడు. అంతవరకూ నాకు ఒక పాత్ర ఉంది, ఒక పంతం ఉంది. అప్పుడు ఒక కొడుకు ఉండేవాడనీ, వాణ్ణి ఎదురుగా ఉన్నవాడి చేతులే నీళ్ళల్లోకి తోశాయనీ తెలిసింది. ఏమిటి పర్వాలేదు? ఎవరికి పర్వాలేదు?

"లే," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "లేచి ఠాణాకి పో. ఈ మాటే, ఇలాగే, పేరుతో సహా అక్కడ చెప్పు. అన్నం నేను పెట్టను."

గేటు మూసి గడియ పెట్టాను. ఇవతల నిలబడి చెయ్యి గడియ మీంచి తియ్యలేకపోయాను. కట్ అన్న కేక చాలాసేపటిదాకా రాలేదు.

పెరటి తలుపులోంచి రచయిత్రి వచ్చింది.

"మాటిచ్చి తప్పారు పెద్దమ్మా."

"తప్పాను. ఇంకోసారి తీసినా తప్పుతాను. నీ ఉత్తరం నువ్వు రాసుకో."

ఆవిడ నన్నూ, గడియ మీదున్న నా చేతినీ చూసింది. తర్వాత గేటు మీంచి తల ఎత్తి, ఇంకో టేకు అక్కర్లేదు, ఇదే ఉంచమని డైరెక్టరుకి చెప్పింది.