మొదటి కాగితం

తాతబాబు చూపుడువేలు ఇనుపగనుల ఊరు బచేలీలోని తెలుగు సంఘంలో అందరికీ తెలిసిన వేలు. ఆదివారం ఉదయం చర్చిలో బ్రెయిలీ బైబిలు అట్టంత మందపు పుటల మీద ఆ వేలు ఎడమ నుంచి కుడికి జరుగుతుంటే, వెనక బల్లల మీది పిల్లలు కూడా అల్లరి మాని దాన్నే చూసేవారు. కరుణశ్రీ అలా చూస్తూ పెరిగిన పిల్లే. వాళ్ళ నాన్న రైల్వేలో ట్రాక్‌మ్యాన్. తల్లి గ్రేసీ ప్రతి బుధవారం తాతబాబుకి అన్నం క్యారేజీ పంపేది. మిగతా రోజులు మిగతా ఇళ్ళవాళ్ళు పంపేవారు. వాక్యం చదివే మనిషని చర్చి వెనక గది కూడా ఆయనకే ఇచ్చారు. నాలుగేళ్ళ వయసులో తట్టు పోసి చూపు పోయిన మనిషికి, యాభై రెండేళ్ళు వచ్చేసరికి ఆ గదీ ఆ క్యారేజీలూ తప్ప మరేమీ లేవు. కొత్తవలసలో ఒక మేనల్లుడున్నాడు కానీ పదేళ్ళుగా వాడి కబురు లేదు.

జగదల్‌పూర్ కాలేజీలో ఇంజనీరింగు చివరి ఏడాదికి వచ్చినప్పుడు, బ్రెయిలీ అచ్చుమిషను చేద్దామని కరుణశ్రీయే అంది. తనతో కలిసి ప్రాజెక్టు చేసేవాడు ముకేష్, గీదం కుర్రాడు. ఇద్దరూ పాత సామాన్ల కబాడీ దుకాణంలో టికెట్ల ప్రింటరు పట్టుకొచ్చి విప్పారు. దాని తల తీసేసి, ఆ చోట ఆరు సూదులు బిగించారు. కరెంటు అందగానే ఒక్కో సూదినీ ముందుకు తన్నే చిన్న తీగచుట్టలు వెనక పెట్టారు. సూది కాగితాన్ని తంతే అవతలి వైపు చుక్క లేస్తుంది. అంతే మిషను. ఆ అంతే అనిపించుకోవడానికి ఐదు నెలలు పట్టింది.

"పరీక్షకి ఇక్కడి హాస్టల్ పిల్లలకి ఇద్దాం" అన్నాడు ముకేష్ హిందీలో. ఊళ్ళో చూపులేని ఆడపిల్లల హాస్టల్ ఒకటుంది.

"పిల్లలు మన మొహమాటానికి బాగుందనేస్తారు" అంది కరుణశ్రీ. "మా తాతబాబు మావయ్య నలభై ఏళ్ళుగా చదువుతున్నాడు. ఆయన వేలు ఒప్పుకుంటే ఇంకెవరూ కాదనలేరు."

అచ్చు వేయడానికి పాఠం కూడా దొరికింది. సంఘం పెట్టి యాభై ఏళ్ళవుతుందని పాస్టరు సునీల్‌కుమార్ గారు సంఘ చరిత్ర రాశారు. పండుగనాడు దాన్ని కొత్త మిషను మీద వేసిన పుటల్లోంచి తాతబాబు చదువుతాడని ముందే చాటేశారు కూడా. అప్పటిదాకా ఎవరూ చదవని పాఠం, ఎవరూ వినని పాఠం.

మొదటి కాగితం తీసుకుని కరుణశ్రీ కిరండుల్ పాసింజరెక్కి బచేలీలో దిగింది. తాతబాబు గది బయట నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు.

"వొచ్చీసినావేటి గుంటా? నీ సెప్పుల సప్పుడే. తే, సూద్దాం."

వేలు పెట్టాడు. ఒకసారి పోనిచ్చాడు, మళ్ళీ పోనిచ్చాడు. కనుబొమలు ముడిపడ్డాయి.

"సుక్కలు లెగలేదమ్మా. సాపుగా ఉంది."

అర మిల్లీమీటరు ఎత్తు ఉండాలని పుస్తకంలో ఉంది. గేజు పెట్టి కొలిస్తే అర మిల్లీమీటరే చూపించింది. అయినా కరుణశ్రీ కాగితం కింది రబ్బరు పలక తీసి ఇత్తడి పలక వేయించింది. రెండో కాగితానికి, చుక్కలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయన్నాడు. కాగితాన్ని జరిపే పళ్ళచక్రం మార్చారు. మూడోదానికి కాగితం మెత్తదన్నాడు. మందం కాగితం తెచ్చారు. ఒక్కో మార్పుకీ రెండేసి వారాలు పోయాయి.

"గేజు సరిగ్గా ఉందంటోంది, మీ మామ లేదంటున్నాడు. నువ్వు ఎవరి మాట నమ్ముతావు?" అన్నాడు ముకేష్ విసుగ్గా.

"గేజు చదువుతుందా?" అంది కరుణశ్రీ.

"మీ మామ చదివాడా మరి, ఇన్నాళ్ళలో ఒక్క మాటైనా?"

అది ఎత్తిపొడుపుగానే తీసుకుంది. పెద్దాయన వేలిని అనుమానించడం ఆమెకు తోచలేదు. చిన్నప్పటి నుంచీ ఆ వేలి వెంట మాటలు రావడం చూసింది మరి. తీగచుట్టలకు కరెంటు రెట్టింపు చేసింది. సూదుల మొనలు తనే ఆకురాయి పట్టి సన్నం చేసింది. నాలుగో కాగితం మీద చుక్కలు ఎంత ఎత్తు లేచాయంటే, నెత్తిన కాగితం చిట్లి చిన్న చిన్న ముళ్ళలా నిలబడ్డాయి. ముకేష్ అరచేత్తో నిమిరి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇది బ్రెయిలీ కాదు, కొబ్బరి కోరాము" అన్నాడు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక తాతబాబు నాలుగో కాగితం ఒళ్ళో పెట్టుకున్నాడు. ఈసారి గట్టిగా నొక్కి చూశాడు. మొదటి వరుస, రెండో వరుస, మళ్ళీ మొదటికి. ఏటవాలుగా ఒకసారి. పెదవులు కదలడం లేదు. పక్కన స్టూలు మీద గ్రేసీ పంపిన టీ స్టీలు గ్లాసులో పొగలు కక్కుతోంది.

"ఇంకా లెగాల గుంటా" అన్నాడు.

కాగితం మీద ఎర్రటి చార కనిపించింది. కరుణశ్రీ పట్టించుకోలేదు. బచేలీలో ఎర్ర చార ఒక వింత కాదు. గనిదుమ్ము అన్నం మీదా పడుతుంది, ఆరేసిన బట్టల మీదా పడుతుంది. ఊదబోయింది. దుమ్ము లేవలేదు. తడిగా ఉంది.

తాతబాబు టీ గ్లాసు అందుకున్నాడు. కాలే గ్లాసుని గుప్పిటి నిండా పట్టుకున్నాడు. అంచు పట్టుకోలేదు, చెయ్యి మార్చుకోలేదు. చూపుడువేలి కింద నుంచి నెత్తురు స్టీలు మీద సన్నగా జారి, అడుక్కి వచ్చి, పంచె మీద బొట్టుగా రాలింది. ఆయన టీ ఊదుకుని తాగుతున్నాడు.

కరుణశ్రీ గ్లాసు తీసి పక్కన పెట్టి, తన చున్నీ చెంగుతో ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఏటమ్మా?"

"నెత్తురు మావయ్యా. కాగితం కోసేసింది."

ఆయన మెల్లిగా అడిగాడు.

"ఏ ఏలు?"

కరుణశ్రీ ఆయన చూపుడువేలిని చున్నీలో బిగించి చుట్టింది. చుట్టడం ఆ వేలికి తెలియలేదు, ఆమెకు తెలిసిపోయిందని మాత్రం ఆయనకు అర్థమైనట్టుంది.

"నాలుగేళ్ళయిపోనాదే" అన్నాడు. "సుగరు. ముందల మొద్దుబారీది, మళ్ళీ తెలిసీది. తరవాత తెలీడం మానీసింది. ఆ పాత పుస్తకాలు నాకు నోటికొచ్చు గదా. ఏలు పుస్తకం మీద ఎడతాను, నోటితో సెప్పీసుకుంటాను. ఎవులికి తెలస్తాది?"

"మరి నాకెందుకు చెప్పలేదు? మొదటిసారే చెప్పుంటే..."

"సెప్తే? సదవలేనోడికి సదివేవోడి గది ఎందుకు? బుధవారం మీయమ్మ కూడు ఎందుకు పంపుతాది?" గది తలుపు వైపు తల తిప్పాడు. "నీ మిషను కుదర్లేదని పాస్టరుగారికి సెప్పీ. నీకు ఇంకో మిషనుంటాది. నాకు ఇంకో గది లేదు."

"ముందు ఆసుపత్రికి పద. సుగరుకి పుండు పడితే మానదు."

"వొద్దు. ఆ నర్సమ్మ మన సంఘంలోదే. అంత కోసుకుంటే తెలీలేదా తాతబాబన్నా అని అడుగుతాది." చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "పసుపెడతాను. మీయమ్మకి సెప్పకు. సెప్పనని అను."

"చెప్పను" అంది కరుణశ్రీ.

చెప్పలేదు. అదే ఆమె చేసిన పని. సాయంత్రం బండెక్కి జగదల్‌పూర్ వచ్చేసింది. తరువాత పరీక్షలు మొదలయ్యాయి. మూడు వారాలు బచేలీ వెళ్ళలేదు. ఇంటికి ఫోను చేసినప్పుడల్లా తాతబాబు మావయ్య ఎలా ఉన్నాడని అడిగేది. "బాగానే ఉన్నాడు, చేతికేదో గుడ్డ చుట్టుకున్నాడు" అనేది గ్రేసీ. కరుణశ్రీ మాట పరీక్షల మీదికి మార్చేది.

ఆ మధ్యలోనే ముకేష్ మూలన పడేసిన మొదటి కాగితం తీసి హాస్టల్‌కి నడవమన్నాడు. కమ్లీ అనే పదమూడేళ్ళ పిల్ల వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. చింతలనార్ వైపు పిల్ల. ఇంట్లో గోండీ, హాస్టల్లో హిందీ. తెలుగు ఒక్క ముక్క రాదు. కానీ బ్రెయిలీలో మన దేశపు భాషలన్నిటికీ ఇంచుమించు అవే చుక్కలు. హిందీ 'క'కీ తెలుగు 'క'కీ తేడా లేదు.

కమ్లీ రెండు చేతులూ పెట్టింది. "మన" అంది వెంటనే. తరువాతి మాటలో 'ప' దగ్గర ఆగింది. దాని పక్కనున్న గుర్తు తమ పాఠంలో లేదంది. పొట్టి ఎకారం. హిందీకి అది అక్కరలేదు. దాన్ని దాటేసి ముందుకు పోయింది. కొత్తవలస అన్నచోట మళ్ళీ ఆగింది. "నుంచి... ఈ... దారి... వేస్తూ... వచ్చారు." అర్థం తెలియని మాటలను గింజలు ఏరినట్టు ఒక్కొక్కటే ఏరి బయట పెట్టింది.

"ఇది ఏ భాష, దీదీ?" అని అడిగింది. "చుక్కలు మాత్రం మా పుస్తకాల కన్నా బాగున్నాయి."

మన పెద్దలు కొత్తవలస నుంచి ఈ దారి వేస్తూ వచ్చారు. రైలు కట్ట వేస్తూ వచ్చిన కూలీల గురించి పాస్టరుగారు రాసిన మొదటి వాక్యం. ముకేష్ సంతోషం పట్టలేక బల్ల మీద కొట్టాడు. కరుణశ్రీ మాత్రం కాగితాన్ని మడవకుండా సంచిలో పెట్టుకుంది. మిషను మొదటి రోజే సరిగ్గా ఉంది. ఆ తరువాత తను చేసిందంతా ఒక మనిషి వేలిని కోయడానికి ఆ మిషనుకి పదును పెట్టడమే.

పరీక్షలయ్యి ఇంటికొచ్చేసరికి తాతబాబు ఆసుపత్రిలో ఉన్నాడు. వేలు నల్లబడి వాసన వస్తుంటే గ్రేసీయే కనిపెట్టి బలవంతాన తీసుకెళ్ళిందట. చూపుడువేలు మొదటంటా తీసేశారు. నడిమివేలు సంగతి వారం ఆగి చెబుతామన్నారు.

మంచం చుట్టూ సంఘం వాళ్ళు నిలబడి ఉన్నారు. కరుణశ్రీ రాగానే మాటలు ఆగాయి. కన్నమ్మ అనే పెద్దావిడ మాత్రం ఆగలేదు.

"వొచ్చినాదమ్మా ఇంజనీరు. గుడ్డోడికి కన్నులాగ ఉన్న ఏలది. దాన్నే తిన్నాది నీ మిషను."

పాస్టరుగారు ఆమెను వారించి కరుణశ్రీ వైపు తిరిగారు. "తాతబాబు చెప్పాడు, నీ కాగితం కోసుకుందని. నిజమేనా అమ్మా? మరేదైనా ఉంటే చెప్పు."

తాతబాబు తల గోడవైపు ఉంది. కట్టుకట్టిన చెయ్యి దుప్పటి మీద. మిగిలిన వేళ్ళు కదలడం లేదు. కరుణశ్రీ సంచిలో నాలుగు కాగితాలూ ఉన్నాయి, కమ్లీ చదివిన చోట ముకేష్ పెన్సిలుతో పెట్టిన టిక్కులతో సహా. ఒక్క మాట చాలు. గ్రేసీ కూతురి మొహంలోకే చూస్తోంది.

"నిజమేనండి" అంది కరుణశ్రీ. "నా మిషనే కోసింది. చుక్కలు ముళ్ళల్లా వచ్చాయి. చూసి కూడా ఇచ్చాను."

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆ సంగతి ఆమెకు ఏమీ సాయం చేయలేదు.

సంఘం పని మీద గాయపడ్డ మనిషి కనుక గది ఎప్పటికీ ఆయనదేనని పాస్టరుగారు అక్కడే చెప్పారు. ఆ మిషను మీద వేసిన కాగితం ఏదీ చర్చి గుమ్మం తొక్కకూడదని పెద్దలు తీర్మానించారు. కాలేజీలో ఇద్దరూ కమ్లీ చదివినదాన్నే పరీక్షగా రాసి ప్రాజెక్టు ఇచ్చారు. పాసయ్యారు. మొదట పరీక్షించిన మనిషి ఎవరని బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి అడిగితే, కరుణశ్రీ తాతబాబు పేరు చెప్పలేదు. మిషనుని స్టోరు గదిలో, విరిగిన బెంచీల పక్కన పెట్టి తాళం వేశారు.

నడిమివేలు కూడా తీశాక తాతబాబుని గదికి తెచ్చారు. బుధవారం కరుణశ్రీ క్యారేజీ తీసుకెళ్ళింది. దారిలో ఇద్దరు పలకరించకుండా పక్కకి తప్పుకున్నారు. అన్నం కలిపి పెడుతుంటే ఆయన తల వంచుకుని తిన్నాడు. ఆమె చేయి కడుక్కున్నాక అడిగాడు.

"ఎవులో పిల్ల సదివినాదట గదా. మీయమ్మ సెప్పింది."

"అవును మావయ్యా. కమ్లీ అని, గోండుల పిల్ల."

"ఏ కాయితం?"

ఆమె క్యారేజీకి మూత పెట్టింది. "మొదటిది" అంది.

బయట ఖనిజం బండి ఒకటి పోతోంది. పెట్టెలన్నీ పోయేదాకా తాతబాబు చెవి అటే పెట్టాడు.

"ఉందా?"

సంచిలోంచి తీసి ఎడమ చేతిలో పెట్టింది. ఆయన దాన్ని బొటనవేలితో నిమరలేదు. రెండు చేతులతో ఎత్తి మొహం దగ్గరికి తెచ్చుకుని, కింది పెదవి కాగితానికి ఆనించి, చాలా మెల్లిగా పక్కకి లాగాడు. ఆగాడు. మళ్ళీ మొదటికి తెచ్చాడు.

"మన" అన్నాడు. "పె... పెద్దలు." పెదవిని మళ్ళీ ఆనించాడు. "కొత్తవలస."

కరుణశ్రీ గ్లాసు కింద పెట్టి దగ్గరికి జరిగింది. "మావయ్యా, తెలుస్తోందా? అయితే పండగనాడు..."

"నోరు ముయ్యి" అన్నాడు, కోపం లేకుండా. "పది మంది ముందల కాయితం నాకుతూ సదవాలా? పిల్లలు నవ్వరా?" కాగితం దించి, పెదవి తడి తుడుచుకుని, మళ్ళీ ఎత్తబోయి ఆగాడు. "ఎల్లు. ఎల్లి తలుపు దగ్గరగా ఎయ్యి."

ఆమె క్యారేజీ సర్దుకుని బయటికొచ్చి తలుపు వేసింది. వెళ్ళలేక నులకమంచం మీద కూర్చుంది. లోపలి నుంచి ఒక్కో మాటా ఆగి ఆగి వస్తోంది, కమ్లీ చదివినంత మెల్లిగా. కన్నమ్మ నీళ్ళ బిందెతో అటుగా వచ్చి నిలబడింది.

"ఏటి గొణుగుతున్నాడు లోపల?"

"నిద్రలో మాటలు" అంది కరుణశ్రీ. "లేపకు పెద్దమ్మా."