చప్పుడత్తయ్య

చెప్పకముందే ఎడమ పక్కకి తిరిగి, ఊపిరంతా వదిలేసి బిగబట్టింది చప్పుడత్తయ్య. పరీక్షకొచ్చిన కుర్రాడు స్టెతస్కోపు ఎక్కడ ఆనించాలో తోచక తడబడుతున్నాడు. వాడి వేళ్లు మంచుముక్కల్లా ఉన్నాయి. పొద్దున్నుంచీ ఏమీ తిని ఉండడు పాపం, అనుకుంది.

మామూలు రోజుల్లో ఆమె దర్జీ కొట్లో చొక్కాలకి కాజాలు కుడుతుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, గట్టిగా మాట్లాడితే దగ్గు. కూర్చుని చేసే పని కనక నెట్టుకొస్తోంది. పెళ్లి మాటెత్తిన వాళ్లంతా గుండె జబ్బని వినగానే చల్లగా జారుకున్నారు. కొట్లో ఆమె ఉన్నా లేనట్టే.

కానీ డాక్టరీ చదివే పిల్లలకి పరీక్షలొచ్చాయంటే చాలు, పెద్దాసుపత్రి నుంచి కబురొచ్చేది. ఆమె గుండెలో ఒక తలుపు సరిగ్గా తెరుచుకోదు. ఆ సందులోంచి రక్తం దూరేటప్పుడు చేసే గుడగుడ ఎంత మొద్దు విద్యార్థికైనా వినబడుతుందట. ఎందరో పిల్లలు ఆమె మీద నేర్చుకుని డాక్టర్లయ్యారు. చప్పుడత్తయ్య అన్న పేరు పెట్టిందీ వాళ్లే. పెద్దడాక్టరు గుమ్మందాకా ఎదురొచ్చి, "మా చెల్లెలొచ్చేసింది, ఇంక మీరు గట్టెక్కినట్టేరా" అనేవాడు. ఆ మాటకే ఆమె కడుపు నిండిపోయేది. సొంతింట్లో కూడా అంత మర్యాద ఎరగదు మరి.

మాత్రలు కూడా ఆయనే ఇచ్చేవాడు. "ఆపరేషనూ గీపరేషనూ నీకెందుకమ్మా, ఇవి వేసుకో చాలు" అంటే, అన్న మాటకి తిరుగేముంది అనుకుంది.

ఈసారి పరీక్ష పెట్టడానికి వేరే కాలేజీ నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. కుర్రాడు జబ్బు పేరు చెప్పగానే, "మరి వైద్యం?" అని అడిగింది.

"ఆపరేషనండి. కానీ ఇప్పుడు కాదు. మొదట్లోనే ఆ తలుపు వెడల్పు చేసుంటే బాగయ్యేవారండి. ఇప్పుడు ఊపిరితిత్తులు కూడా దెబ్బతిన్నాయి. తట్టుకోలేరు."

"సరిగ్గా చెప్పావు."

కుర్రాడి మొహం వెలిగిపోయింది. అత్తయ్య ఇంకా ఊపిరి బిగబట్టే ఉంది. వదలమని చెప్పాలన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

పరీక్షలు ముగిశాక, చేతులు కడుక్కుంటున్న పెద్దడాక్టరు వెనక వచ్చి నిలబడింది.

"అన్నయ్యా, ఆ పిల్లాడు చెప్పింది నిజమేనా?"

ఆయన తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. "నిజమేనమ్మా. ఈ పరీక్షలు కానీ, తర్వాత ఆపరేషనుకి పంపిద్దాం అనుకుంటూనే వచ్చాను. అవి అయ్యేసరికి మళ్లీ కొత్త పిల్లలు. నీలాంటి చప్పుడు ఇంకెక్కడా దొరకలేదు."

"సొంత చెల్లెలైతే ఆపేవారా?"

ఆయన తువ్వాలు మడతపెట్టాడు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది ఆమె బతుకు. ఆ అన్నని నిలదీసి నాలుగూ దులిపేయాలనిపించింది. దులపడానికి ఊపిరి చాలలేదు. గోడ పట్టుకుని గుమ్మంవైపు నడిచింది.

"చెల్లెమ్మా!"

ఆగింది. క్షమించమంటాడేమోనని ఆశపడింది. ఎంత సిగ్గులేని ఆశ!

"మళ్లీ ఏడాదికి నువ్వు... ఒక్కసారి పడుకుంటావా? ఆ చప్పుడు రికార్డు చేసి పెట్టుకుంటాను. పిల్లలకి పనికొస్తుంది."

ఛీ కొట్టి పోవలసింది. కానీ ఇన్నేళ్ల అలవాటు కాళ్లని మంచం దగ్గరికే లాక్కెళ్లింది. ఎడమ పక్కకి తిరిగి, ఊపిరి వదిలి బిగబట్టింది. కన్నీళ్లు ముక్కు మీదుగా దిండులోకి కారాయి. వెక్కిళ్లు మాత్రం రానివ్వలేదు, చప్పుడు చెడిపోతుందని.

చలికాలం రాకముందే, ఒక మధ్యాహ్నం, కాజా కుడుతూ కుడుతూ పక్కకి ఒరిగిపోయింది. కునుకు తీస్తోందనుకున్నాడు దర్జీ. ఆ చొక్కా మర్నాడు ఇంకొకరు పూర్తిచేశారు.

మళ్లీ పరీక్షలొచ్చాయి. పాఠం చెప్పే గదిలో, బల్ల మీద అరచేతిలో ఇమిడేంత నల్లపెట్టె ఒకటి చేరింది. దాని మీద అంటించిన చీటీలో జబ్బు పేరొక్కటే ఉంది. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు చెవి ఆనించి, తలలూపి, నవ్వుకుంటూ పరీక్షకి వెళ్లిపోయారు. ఎవరూ మీట నొక్కి ఆపలేదు. ఖాళీ గదిలో పెట్టె గుడగుడలాడుతూనే ఉంది.