హమురో గారు గీయని గీత

ఫోను మోగుతూనే ఉంది. అవతల చేసినవాళ్లు రిసీవరు పెట్టేసి చాలాసేపయింది. అయినా ఇవతలిది ఊరుకోదే!

చిజురుకి ఏడుపొక్కటే తక్కువ. టెలిఫోన్ ఎక్స్ఛేంజి ఎలా నడవాలో బొమ్మ గీసిస్తే చాలు, ప్రోగ్రామంతా కంప్యూటరే రాసిపెట్టే సాధనం ఒకటి ఏళ్ల తరబడి కష్టపడి తయారుచేసింది. మధ్యాహ్నం డైరెక్టరు గారు చూడ్డానికొస్తారు. నడిచిందా సరే, లేదంటే అది అటకెక్కినట్టే. జపాన్‌లో ఆ యోకొహామా ఆఫీసులో అందరూ మళ్లీ ప్రోగ్రాములు చేత్తో రాసుకుంటూ, రాత్రి చివరి రైలుకి పరుగెత్తాల్సిందే.

"చెప్పానా? ఇలాంటివి మనిషే రాయాలి," అన్నాడు హమురో. ఆ విభాగానికి పెద్ద ఆయనే, బొమ్మలు గీసిందీ ఆయనే. ఆయన నోట మెచ్చుకోలు మాట విన్న పాపాన ఎవరూ పోలేదు.

చిజురు బొమ్మ ఆయన ముందు పరిచింది. "మోగుతుండగా చేసినవాళ్లు పెట్టేస్తే ఏం చెయ్యాలో మీరిందులో గీయలేదండీ."

"అది కూడా గీయాలా? మోగడం ఆపాలని ఎవరికి తెలీదమ్మా!"

"దీనికి తెలీదు సార్. మీరు చెప్పిందే చేస్తుంది."

"ఇన్నేళ్లూ ఇలాంటి బొమ్మలే ఇచ్చాను. ఏ ఫోనూ ఇలా మొత్తుకోలేదే?"

చిజురు తల దించుకుంది. "రాసేటప్పుడు మేమే కలిపేవాళ్లం సార్."

"నన్నడగొచ్చుగా?"

"మీరు వదిలేశారని మీతోనే ఎలా అంటామండీ?"

అక్కడ అంతే మరి. పెద్దవాళ్లు సగం చెబితే, మిగతా సగం చిన్నవాళ్లు నోరు మెదపకుండా పూర్తిచెయ్యాలి. అదే మర్యాద.

హమురో కోటు విప్పి కుర్చీకి తగిలించి, పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాడు. ఒక ఖాళీ పూడుస్తుంటే ఇంకోటి బయటపడింది.

"ఇది కూడా మీరేనా?"

"అవునండీ."

"ఇదో?"

"అదీ మేమే సార్..."

మధ్యాహ్నానికని తెచ్చుకున్న అన్నం ఉండలు డబ్బాల్లోనే ఎండిపోయాయి. కొత్త బొమ్మ ఇచ్చాక కంప్యూటరు ప్రోగ్రాము మళ్లీ రాసింది.

డైరెక్టరు రాగానే హమురో పక్కగదిలోంచి ఫోను చేశాడు. మోగింది. ఆయన పెట్టేశాడు. ఇవతల మోత టక్కున ఆగిపోయింది.

"భేష్! ఇక అన్నీ దీంతోనే చేద్దాం," అన్నారు డైరెక్టరు. చిజురుకి ప్రాణం లేచొచ్చింది.

ఫోను మళ్లీ మోగింది. ఇది ముందనుకున్నది కాదే! భయపడుతూనే ఎత్తింది.

"చిజురూ, నేనే." హమురో గొంతది. "ఎదురుగా అనలేను గానీ... నా పనిలో సగం మీరంతా చేసి, పేరు నాకిచ్చారు. నీ మిషను చెప్పేదాకా నాకు తెలియనే లేదు. చాలా థాంక్సమ్మా. నీకూ, అందరికీ."

"ఏమంటున్నాడాయన?" అడిగారు డైరెక్టరు.

"లైను బాగుందంటున్నారండీ," అంది చిజురు. కళ్లు తుడుచుకుందామంటే రెండు చేతులూ రిసీవరు మీదే ఉన్నాయి. రిసీవరు చెవికి ఆనించుకునే, ఎదురుగా మనిషి ఉన్నట్టు నడుం వంచి నమస్కరించింది.

గోడకి అవతల ఆయన కూడా వంగే ఉంటాడని ఆమెకి తెలుసు.