మడవ కట్టిన రోజు

మా చిన్నకోడలు తన చేలోకి నీళ్ళు తిరిగే మడవకు అడ్డంగా కూర్చుంటే, దుంపల మిల్లు వాచ్‌మన్ ఆమెను జబ్బ పట్టి ఈడ్చేశాడు. మిల్లు వదిలిన పుల్లకంపు నీళ్ళు ఆమె మొలకల మీదికి మళ్ళాయి. నేను కళ్ళారా చూశాను. డెబ్బై ఏళ్ళుగా కోతలు కోస్తున్నవాణ్ణే, ఈ ఒక్కటి నమ్మండి.

అసలు ఆ నీళ్ళు అడుక్కున్నది మేమే. వానకు మొహం వాచిన మెట్ట మాది. మిల్లువాళ్ళు ఊరికే ఇస్తామనగానే వంతుల కోసం అన్నదమ్ములమే తలలు పగలగొట్టుకున్నాం. మొదటి ఏడు జొన్న ఎంత ఎదిగిందంటే, కంకిదాకా ఎగరలేక పిచ్చుకలు దారిలో రెండుచోట్ల ఆగి ఆయాసం తీర్చుకునేవి! మూడో ఏటికి నేల తెల్లగా పొరగట్టింది. నాలుగో ఏడు వాన కురిస్తే పెంకు మీద పడ్డట్టు జారిపోయింది. చిన్నకోడలి అరెకరం ఒక్కటే బతికింది. వంతు కోసం కొట్లాడే మగదిక్కు లేక ఆ నీళ్ళు దానికి పారలేదు. మా చేలు తాగడం మానేశాక, మిల్లు కన్ను దానిమీద పడింది.

ఆ పూటే కొట్టంలో కూడాం. మిల్లులో పంపు నడిపే మా మేనల్లుడు తల దించుకుని చెప్పాడు.

"తొక్క ఊడటానికి దుంపల్ని సోడాలో ఉడికిస్తాం. ఆ సోడా అంతా మీ చేలలోనే ఉంది."

"నాలుగేళ్ళు నోట్లో ఏం పెట్టుకున్నావురా?"

"జీతం, మామా."

ఎవరూ నవ్వలేదు. వాడే మళ్ళీ అన్నాడు: "నీళ్ళు పోయే చోటు లేకపోతే పూటలో మిల్లు తొట్టి నిండుతుంది. మిల్లు ఆగాల్సిందే."

"అంటే వాళ్ళు మనకి నీళ్ళివ్వలేదు," అంది కోడలు. "మనమే వాళ్ళకి నేలిచ్చాం."

గడ్డపారలతో మా చేలనే పెడ్డలుగా పెకలించి, మిల్లు నీళ్ళొచ్చే పెద్దకాలువకు అడ్డం పేర్చాం. పేర్చి, వాటి వెనకే కాలువలో కూర్చున్నాం. మేనేజరు కాగితాలు ఊపుకుంటూ వచ్చాడు.

"అడిగింది మీరేగా! ఇవిగో వేలిముద్రలు!"

"అడిగాం బాబూ, గడ్డి తిని. ఇప్పుడు వద్దంటున్నాం. ఈసారి వేలు కాదు, ఒళ్ళే అచ్చేస్తున్నాం," అన్నాను.

"పంపు ఆన్ చెయ్యరా!" అని వాడు మేనల్లుడి మీద అరిచాడు. మేనల్లుడు చేతులు తుడుచుకుని కాలువలోకి దిగి నా పక్కన కూర్చున్నాడు. మధ్యాహ్నానికి తొట్టి పొంగి మిల్లు వాకిలి నిండింది. మరలు ఆగాయి. అప్పుడు పోలీసులొచ్చారు.

ముందు మేనల్లుణ్ణి, తర్వాత కోడల్ని లాక్కెళ్ళారు. వ్యానెక్కుతూ ఆమె చేనువైపు చూసింది. మొలకల చివర్లు అప్పుడే మాడిపోయాయి.

"నా చేను పోయింది మామయ్యా. మిల్లువాళ్ళు పైపులు పొరుగూరికి తిప్పుతున్నారట. వెళ్ళి చెప్పండి."

"వింటారా తల్లీ? నాలుగేళ్ళ కింద మనం విన్నామా?"

"మాటలొద్దు. మన పెడ్డ మీద చెంబెడు నీళ్ళు పోసి చూపించండి."

కదలగలిగిన ముసలాళ్ళం చేలోంచి తలా ఒక పెడ్డ భుజానికెత్తుకుని నడిచాం. వెనక కాలువలో ఖాళీ అయిన చోట్లలోకి ఆడవాళ్ళు దిగుతున్నారు.