చేదు తగిలిందా?

ఛాతీ వార్డులో ఆయాలు, నర్సులు కలిపి నలభై రెండు మంది. వాళ్ళ మాస్కులు ముఖానికి సందు లేకుండా పట్టాయో లేదో పరీక్షించే పని ఒక నర్సమ్మది. ఆసుపత్రి అంతా ఆమెను ‘చేదు సిస్టర్’ అనేది. ఎదురుగా అన్నా ఆమెకు కోపం వచ్చేది కాదు, బిరుదిచ్చినట్టు మురిసిపోయేది.

పరీక్ష పెద్ద విద్యేమీ కాదు. మనిషికి మాస్కు పెట్టి, తల మీద సంచిలాంటి తొడుగు బోర్లిస్తారు. కళ్ళ ముందు ప్లాస్టిక్ కిటికీ ఉంటుంది. కింద చిల్లులోంచి చేదు మందు కొడతారు. లోపలున్న మనిషి తల అటూ ఇటూ తిప్పుతూ ఇరవై దాకా పైకి లెక్కపెట్టాలి. నోటికి చేదు తగిలిందంటే మాస్కు పక్కనుంచి గాలి దూరుతోందని అర్థం. మందు దూరిన సందులో టీబీ క్రిమి దూరదా? అలాంటివాళ్ళకు ఇంకో సైజు మాస్కు ఇవ్వాలి. పుస్తకంలో ఉన్న మాట అది. స్టోరులో ఉన్నది మాత్రం ఒకే సైజు. కొన్న మహానుభావుడు తన ముఖమే లోకమంతటికీ కొలత అనుకున్నాడు కాబోలు.

ఇంకో తిరకాసుంది. చేదు తగిలిందో లేదో ఏ యంత్రమూ చెప్పదు. సంచిలో ఉన్న మనిషే నోరు విప్పి చెప్పాలి.

ఆ శనివారం అందరూ అయ్యాక చివరగా వచ్చిన ఆయా, సిస్టర్‌కు సొంత ఆడపడుచు. భర్త పోయాక అన్న ఇంటికి చేరితే, వదినే కాళ్ళావేళ్ళా పడి కాంట్రాక్టరు దగ్గర ఈ పనిలో పెట్టించింది. ముఖం పిడికెడే. అందుకే ఇంట్లో ఆమె పేరు పిడికిలి. సిస్టర్ కూతురికి ఏడేళ్ళు, ‘పిడికిలత్తా’ అని ఆమె పక్కలో తప్ప పడుకునేది కాదు.

“చేదు తగిలిందా?” అంది సిస్టర్, మందు కొట్టి.

“అబ్బబ్బ! నాలిక మీదే పడింది వదినా!”

సిస్టర్ రబ్బరు పట్టీలు బిగించింది, ముక్కు మీద తీగ నొక్కింది. అయినా చెంప దగ్గర వేలు పట్టేంత సందు. మళ్ళీ కొట్టింది. మళ్ళీ చేదే. మూడోసారీ అంతే.

“నలభై ఒక్కమందికి లేని చేదు నీకొక్కదానికే వచ్చిందా? మహారాణీవారి నాలిక మరి!”

“నిజంగానే ఉంది వదినా. లేనిది ఉందని ఎందుకంటాను?”

సోమవారం తనిఖీవాళ్ళు వస్తున్నారు. ఒక్కరు ఫెయిలైనా చిన్న సైజు మాస్కులు ఎందుకు లేవన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న రాకుండా చూస్తే సేఫ్టీ ఇన్‌చార్జి పదవి నీదేనని మేట్రన్ చెవిన వేసింది. ఆ సంగతి సిస్టర్ పిడికిలితో అనలేదు. అంటుందా?

“చూడు. ఫెయిలైతే నిన్ను వార్డులోంచి తీసేస్తారు. కాంట్రాక్టరు దగ్గర ఇంకోచోట ఖాళీ లేదు. ఇంట్లో కూర్చుంటానంటే నీ ఇష్టం. నేను చెప్పేది నీ మంచికే.”

నాలుగోసారి కొట్టింది. ప్లాస్టిక్ కిటికీ వెనక పిడికిలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మాస్కు పక్కకి కదిలేలా మూతి వంకర పోవడం, గొంతులో గుటక పడడం సిస్టర్‌కు స్పష్టంగా కనిపించాయి.

“చేదు తగిలిందా?”

“లే... లేదు వదినా.”

“గట్టిగా చెప్పు.”

“లేదు!”

“అదీ! బంగారుతల్లివి.”

పాస్ అని రాసింది. కింద పిడికిలి వంకర సంతకం పెట్టింది. సోమవారం నలభై రెండుకి నలభై రెండు చూసి తనిఖీవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు. నెల తిరక్కుండా సిస్టర్‌కు పదవి, ఒక గది, గుండ్రంగా తిరిగే కుర్చీ వచ్చాయి. కుర్చీలో ఒకసారి గిర్రున తిరిగి చూసుకుంది కూడా.

ఎనిమిది నెలలకు పిడికిలి దగ్గడం మొదలుపెట్టింది. దుమ్ము అంది వదిన. సాయంత్రాలు ఒళ్ళు కాలితే అలసట అంది. ఒకరోజు ఉమ్మిలో నెత్తురు కనిపించాక ఇంక అనడానికేమీ మిగల్లేదు. పరీక్షలో టీబీ అని తేలింది.

జబ్బు పనిలో అంటుకున్నదని తేలితే నయమయ్యేదాకా జీతంతో సెలవు, తిరిగొస్తే పని. బయట అంటుకున్నదైతే ఆరోజే ఇంటికి. ఏదో తేల్చడానికి ముగ్గురు కూర్చున్నారు: పెద్ద డాక్టరు, మేట్రన్, కాంట్రాక్టరు తరఫు మేనేజరు.

మెట్లెక్కుతూ పిడికిలి ఆయాసంతో ఆగింది. “మూడుసార్లు చేదన్నానని చెప్పు వదినా. అంతే చాలు. నువ్వు చెబితే నమ్ముతారు.”

“చెబుతాలేవే. నేను లేనూ?” అంది సిస్టర్. ఆ మెట్టు మీద ఆమె నిజంగానే చెబుదామనుకుంది. అబద్ధమాడిందనడానికి లేదు.

లోపల డాక్టరు కాగితం తిప్పాడు. “సంతకం నీదేనా?”

“నాదే సార్. కానీ ఆరోజు చేదు తగిలింది.”

“అయితే ఇప్పుడే చూద్దాం. సిస్టర్, పెట్టండి.”

అదే మాస్కు, అదే తొడుగు. చెంపలు లోపలికి పోయిన ఆ ముఖానికి మాస్కు వేలాడుతోంది. సిస్టర్ మందు కొట్టింది. పిడికిలి దగ్గుతూనే అరిచింది. “చేదు! చేదుగా ఉంది సార్! అప్పుడూ ఇలాగే ఉంది, మూడుసార్లు చెప్పాను!”

మేనేజరు నవ్వాడు. “అప్పుడు పని కావాలి కాబట్టి లేదంది. ఇప్పుడు జీతం కావాలి కాబట్టి ఉందంటోంది. ఈవిడ నాలిక భలే తెలివైంది సార్!”

“పైగా మనిషి బాగా చిక్కిపోయింది,” అన్నాడు డాక్టరు. “ఈరోజు తగిలితే ఆరోజూ తగిలినట్టు కాదుగా. సిస్టర్, ఆరోజు దగ్గరున్నది మీరు. ఈమెకు తగిలిందా?”

మేట్రన్ కళ్ళార్పకుండా సిస్టర్‌నే చూస్తోంది. తొడుగు తీయడం ఎవరికీ గుర్తు లేదు. కిటికీలోంచి పిడికిలి కూడా వదిననే చూస్తోంది. సిస్టర్‌కు కళ్ళముందు తన గది, తిరిగే కుర్చీ మెదిలాయి.

“నాకెలా తెలుస్తుంది సార్? చేదు తగిలేది వాళ్ళ నోటికి. లేదంది, రాసుకున్నాను.”

ఛీ! కూడు పెట్టిన చేత్తోనే గొంతు నులమడమంటే ఇదే. పిడికిలి తొడుగు తనే తీసి, మడత పెట్టి, బల్ల మీద పెట్టింది.

‘జబ్బు ఇంటి దగ్గర అంటుకుని ఉండవచ్చు’ అని రాశారు. సిస్టర్ సాక్షిగా సంతకం చేసింది. ఇల్లు ఎవరిదో అప్పుడు గుర్తు రాలేదు. డాక్టరే గుర్తుచేశాడు. “అయితే మీ ఇంట్లో అందరికీ పరీక్షలు చేయించండి.”

మొగుడికి లేదు. తనకి లేదు. కూతురి ఊపిరితిత్తుల్లో మచ్చ కనిపించింది.

ఆ కాగితం పట్టుకుని సిస్టర్ ఆసుపత్రి నడవాలోనే కూలబడింది. తర్వాత ఎంత తల బాదుకుంటే ఏం లాభం? ఆ వారం నుంచే ఇంట్లో ఇద్దరికి మాత్రలు. వెనక గదిలో పిడికిలి తనది తనే వేసుకునేది. పిల్లకు సిస్టర్ మాత్ర పొడి చేసి, చెంచాడు నీళ్ళలో కలిపి పట్టాలి. మొదటిరోజు పొద్దున్న పిల్ల మారాం చేయలేదు. నోరు తెరిచి, ఒక్క గుక్కలో మింగింది. మూతి వంకర పోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సిస్టర్ గుండె కరిగిపోయింది. “నా తల్లే! చేదుగా ఉందా అమ్మా?”

“లేదు.”

“ఏడుస్తున్నావు కదే!”

“అత్త చెప్పింది. ఎంత చేదున్నా లేదనాలట. ఉందంటే నీకు కోపమొస్తుందట,” అంది పిల్ల, చేత్తో మూతి తుడుచుకుంటూ. తర్వాత తల్లి ముఖంలోకి భయంగా చూసింది.

“గట్టిగా చెప్పనా అమ్మా?”